రాఘవయ్య మింగిన చేతులు

రమణయ్య కుర్చీలో కూర్చునే మునిగి చచ్చిపోయాడు.

సిప్పీఘాట్ దాటాక వచ్చే గుట్ట మీద, పోకచెట్ల మధ్య, ఒక ఇనపకుర్చీ. చుట్టుపక్కల నీటిచుక్క లేదు. చొక్కా పొడిగా ఉంది. పాపిడి కూడా చెదరలేదు. కానీ పోలీసు డాక్టరు ఛాతీ మీద చెయ్యి వేసి నొక్కగానే శవం నోట్లోంచి సముద్రం వచ్చింది. ఉప్పునీళ్ళు, నాచు, ఆ వెనకే గోరంత పీత ఒకటి. అది రమణయ్య కింది పెదవి మీద కాసేపు ఆగి, ఎండ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు పక్కకి పోయి వాంతి చేసుకున్నాడు.

ఏజెంట్ జీవరాజు మొహం తిప్పుకోలేదు. రమణయ్య అతనికి పని నేర్పినవాడు. ఆదివారాలు ప్రోతరాపూర్‌లో జీవరాజు ఇంటికి వచ్చి, చర్చి నుంచి వాళ్ళు తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చుని, తర్వాత కోడికూర తిని వెళ్ళేవాడు. అలాంటి మనిషి నోట్లో ఇప్పుడు పీత కాపురం పెట్టింది.

“ఎవరో పెద్ద చేయి ఉన్నవాళ్ళ పని,” అన్నాడు వెనకనుంచి చలపతి. డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆయన. ముక్కుకి అత్తరు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. “నాకు రిపోర్టు ఇవ్వడానికి వచ్చాడు. నేను పది నిమిషాలు ఆలస్యమయ్యాను. పద, జీపులో మాట్లాడదాం.”

ఈ ద్వీపాల సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఓడల నిండా జనాన్ని తెచ్చి అండమాన్‌లో దింపింది. అడవి కొట్టుకోండి, పొలాలు చేసుకోండి అంది. మొదటి వానాకాలంలోనే కొందరి అరచేతుల్లో ఏదో మేలుకుంది. ఒకాయన చెయ్యి చాస్తే గాలి ఆగింది. ఒకావిడ పిలిస్తే చేపలు వచ్చాయి. జనం దాన్ని ‘చేయి’ అన్నారు. అది లేనివాళ్ళని హిందీలో ‘ఖాలీ’లన్నారు. పెద్ద తుఫాను వచ్చినప్పుడు చేయి ఉన్నవాళ్ళు ఒడ్డున వరసగా నిలబడి ఊళ్ళని కాపాడారు. ఆ కృతజ్ఞతతో జనం పెత్తనం వాళ్ళకిచ్చారు. తర్వాత కృతజ్ఞత పోయింది, పెత్తనం మిగిలింది. ఇప్పుడు ఓటు చేయి ఉన్నవాళ్ళకే. మంత్ర మండలిలో సీటు పెద్ద చేయి ఉన్నవాళ్ళకే. అందరి పైన ద్వీపపతి. అబర్డీన్ జెట్టీ దగ్గర, పోటు వేళ, మెట్లెక్కి వచ్చే సముద్రాన్ని ఎవరు ఎక్కువసేపు ఆపితే ఆ కుర్చీ వాళ్ళది. పోటు పరీక్ష అంటారు దాన్ని.

“టార్గెట్ రాఘవయ్య,” అన్నాడు చలపతి, జీపు కదిలాక.

“మండలిలో చివరి బెంచీ రాఘవయ్యా?”

“ఆయనే. నిరుడు వేలితో బీడీ ముట్టించలేక నన్ను అగ్గిపెట్టె అడిగాడు. మొన్న మండలి హాల్లో కూర్చుని హార్బర్‌లో ఉన్న బార్జ్‌ని గిరగిరా తిప్పాడు. ఈసారి శాంతకుమారిగారి మీద పోటీకి దిగుతున్నాడు.”

శాంతకుమారి అప్పటి ద్వీపపతి. ఒకప్పుడు స్కూలు టీచరు. తుఫాను రోజున చివరిదాకా ఒడ్డున నిలబడ్డ మనిషి.

“చేయి పెరగదు కదా సార్. ఎంత వచ్చిందో అంతే.”

“దానికి జవాబు వెతుక్కుంటూనే రమణయ్య డిగ్లీపూర్ వెళ్ళాడు. అక్కడ ఏరియల్ బేలో ఒక విదేశీ ఓడ ఉంది. పేరు ఎమరాల్డ్ క్వీన్. కలప సర్వే అని పర్మిట్. లోపల డాక్టర్ ఫాల్క్ అనే తెల్లవాడు. ఏ దేశపువాడో అతని పాస్‌పోర్టులకే తేలలేదు. రాఘవయ్య నెలకి రెండుసార్లు ఆ ఓడకి వెళ్ళొస్తున్నాడు.”

“రమణయ్యగారిని ఎలా పసిగట్టారు?”

“రమణయ్యకి కాస్తో కూస్తో చేయి ఉంది. చేయి ఉన్న ఇద్దరు దగ్గరికొస్తే పళ్ళు జివ్వుమంటాయి. నీతో ఆ బాధ లేదు. నువ్వు ఖాలీవి.” చలపతి రుమాలు మడత పెట్టాడు. “నీకున్న క్వాలిఫికేషన్ అదొక్కటే అనుకో. ఇదిగో, ఈ లైటర్‌లో కెమెరా ఉంది. ఈ థర్మాస్ అడుగున వైర్‌లెస్ ఉంది. అక్కడ మన కాంటాక్ట్ కోడ్ నేమ్ ముత్యం. నువ్వు మల్లెపూలు అడుగు. ఆవిడ కాగితం పూలంటుంది.”

“ఆవిడా?”

“చూస్తే నీకే తెలుస్తుంది,” అన్నాడు చలపతి. మొదటిసారి నవ్వాడు.

*

జీవరాజు సువార్త కరపత్రాలు పంచేవాడి వేషంలో మెయిల్ బోట్ ఎక్కాడు. అంతకంటే మంచి కవర్ లేదు. కరపత్రాలు పంచేవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు, ఎక్కడ ఇంకో కరపత్రం ఇస్తాడోనని.

డిగ్లీపూర్‌లో తెలుగు ఇళ్ళు కొద్దిగానే ఉన్నాయి. ఒడ్డుకి దగ్గర్లో తాటాకు ఇంటి ముందు ఒక ఆడమనిషి కూర్చుని, చేతులు రెండూ నీళ్ళబకెట్‌లో పెట్టుకుని ఉంది. పేరు యర్రమ్మ. శ్రీకాకుళం వైపు జాలరి మనిషి. ఉత్తరాన ఆమెను మించి చేపల్ని పిలిచేవాళ్ళు లేరని రమణయ్య ఒకసారి చెప్పగా విన్నాడు జీవరాజు.

“చేతులకి ఏమైంది పిన్నీ?”

ఆమె చేతులు పైకి తీసి చూపించింది. అరచేతులు తెల్లగా, ముడతలుపడి, నానిపోయిన కాగితంలా ఉన్నాయి. కుళ్ళిన చేపవాసన వచ్చింది. 

“నీల్లలోంచి తీస్తే మంటెత్తిపోతాది బాబూ. ఆ డాక్టర్ సాబ్ టీకాలన్నాడు. అందరం లైన్ కట్టినాం. సూది ఏదీ లేదు. సేతుల్లో జోంక్ పెట్టినాడు.”

“జోంకా?”

“జెలగ బాబూ. సిటికినేలంత జెలగ. మనకి కొత్తేటి? అడవికెల్తే కాల్లకి పడతాయి, ఉప్పు రాస్తే ఊడి పడతాయి. ఇది అలాగ కాదు. నెత్తురు తాగనేదు. నాలోంచి ఏటో లాగేసినట్టయినాది. మరసటి రోజు మా ఆయన బోటేస్తే నేను పిలిసినాను. ఒక్క సేప రానేదు.”

“ఎవరికైనా చెప్పారా?”

“తానాలో పోలీసు కాడికి ఎల్తే, నీకిప్పుడు సెయ్యి లేదు కదా, ఖాలీ మాట రాసుకోటానికి లేదు, జా అన్నాడు.” యర్రమ్మ చేతులు మళ్ళీ నీళ్ళలో పెట్టింది. “ఓటు పోనాదని కాదు బాబూ. పిలిస్తే వొచ్చీవి కదా. పిల్లల్లాగ వొచ్చీవి.”

 జీవరాజు చేతిలో కరపత్రాలు ఉన్నాయి. అవి ఆమెకి ఇవ్వడానికి సిగ్గేసింది.

*

ఏరియల్ బే గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చున్న స్త్రీ నీలం జార్జెట్ చీర కట్టుకుంది. నల్లకళ్ళద్దాలు, పొడుగాటి సిగరెట్ హోల్డర్. అండమాన్ ఉక్కపోతలో ఊరంతా చెమటతో తడిసి ముద్దవుతుంటే ఆమె మీద ఒక్క చుక్క లేదు. చెమట కూడా నీరే కదా. నీరు ఆమె మాట వింటుంది.

“ఈ ఊళ్ళో మల్లెపూలు దొరుకుతాయా అండీ?” అన్నాడు జీవరాజు.

“దొరకవు. కాగితం పూలే.” ఆమె కళ్ళద్దాలు దించింది. “నా పేరు శారదాదేవి. రాఘవయ్యగారి ప్రైవేట్ సెక్రటరీని. ఓడ మీద బేరర్‌కి జ్వరం. మీకు ట్రే మొయ్యడం వచ్చా?”

“ఖాలీలకి పుట్టుకతో వస్తుంది.”

ఆమె పకపకా నవ్వింది. నవ్వు బాగుంది. దాన్ని వాడీ వాడీ అలవాటైన మనిషి నవ్వులా ఉంది.

మధ్యాహ్నం భోజనానికి జీవరాజు తెల్లకోటులో ఎమరాల్డ్ క్వీన్ డైనింగ్ హాల్లో ఉన్నాడు. అక్కడికి వెళ్ళే దారిలోనే కింది అర కనిపించింది. వరసగా గాజు తొట్టెలు. వాటిలో బొటనవేలంత జలగలు, లోపల దీపం పెట్టినట్టు సన్నగా వెలుగుతూ, ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. లైటర్ రెండుసార్లు క్లిక్ అంది.

బల్ల దగ్గర రాఘవయ్య, ఫాల్క్, శారదాదేవి. రాఘవయ్య పట్టు కండువా మెడలోకి దోపుకుని పప్పన్నం కెలుకుతున్నాడు.

“ఉప్పు లేని పప్పు ఇంకెన్నాళ్ళు డాక్టర్? నాలిక చచ్చిపోయింది. కలలోకి కూడా ఊరగాయే వస్తోంది.”

“కుర్సీ మిలనే తక్, కుర్చీ చేతికొచ్చేదాకా,” అన్నాడు ఫాల్క్. సన్నగా, శుభ్రంగా, సబ్బు వాసన వేస్తున్న మనిషి. హిందీ చక్కగా మాట్లాడుతున్నాడు. “కడుపులో అవి బతికున్నంతవరకే మీకు బలం. ఒక్క చెంచా ఉప్పు పడిందా, అన్నీ బయటికి.”

మూత పెట్టిన వెండిగిన్నె వచ్చింది. జీవరాజే తెచ్చి పెట్టాల్సి వచ్చింది. మూత తీస్తే తేనెలో ఒక జలగ. రాఘవయ్య కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. అది తనంతట తనే నాలిక మీదికి పాకి లోపలికి పోయింది. గొంతు దగ్గర ఉబ్బులా కనిపించి కిందికి జారింది. రాఘవయ్య త్రేన్చాడు. బల్ల మీది గ్లాసుల్లో నీళ్ళన్నీ ఒక్కసారి ఆయన వైపు ఒరిగాయి.

“ఎవరిది ఇది? నీచు వాసన కొడుతోంది.”

“డిగ్లీపూర్ జాలరి ఆడది,” అన్నాడు ఫాల్క్. “చాలా బలమైనది. మీరు నెగ్గిన రోజున ఒక్క సంతకం పెడితే చాలు, ఉత్తర అండమాన్ రేవు మాది. ఆ తర్వాత మాయాబందర్, రంగత్. ప్రతి ఊరూ, ప్రతి అరచెయ్యీ. మా దేశంలో ఇవి కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ మీలాంటి పెద్దమనుషులే.”

పెద్దమనిషి అన్నందుకు రాఘవయ్య సంతోషించాడు. శారదాదేవి తన పమిటచెంగుతో ఆయన పెదవి మీది తేనె తుడిచింది.

జీవరాజు లైటర్ ఇంకోసారి క్లిక్ అంది. మనుషుల మీద అసహ్యం పుడితే చెయ్యి కాస్త గట్టిగా పడుతుంది.

“బేరా,” అంది శారదాదేవి తియ్యగా, హోల్డర్ ముందుకి చాపి. “ఆ లైటర్ ఒకసారి.”

ఇవ్వక తప్పలేదు. ఆమె నొక్కింది. మంట రాలేదు. ఆమె దాన్ని ఫాల్క్ చేతిలో పెట్టింది.

“డాక్టర్, ఇందులో నిప్పు లేదు. కన్ను ఉంది.”

*

అతన్ని కింది అరలో కుర్చీకి కట్టేశారు. ఫాల్క్ స్వయంగా పట్టకారుతో జలగని తీసి అతని అరచేతిలో పెట్టాడు. అది అటూ ఇటూ తల తిప్పి వెతికింది, ఏమీ దొరక్క కిందికి రాలిపోయింది. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే.

“ఖాలీ,” అన్నాడు ఫాల్క్, చిత్తుకాగితం విసిరేసినట్టు. “పారేయండి.” థర్మాస్ పగలగొట్టి, ఫిల్ము వెలుతుర్లో చాపి, వెళ్ళిపోయాడు.

కాసేపటికి శారదాదేవి వచ్చింది.

“రమణయ్యగారిని చంపింది మీరే,” అన్నాడు జీవరాజు.

“నేనే.”

“ఆ గుట్ట మీద కలవాలని ఆయనకీ చలపతిగారికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.”

“మరి నాకు ఎవరు చెప్పారనుకున్నారు జీవరాజుగారూ?” ఆమె తొట్టె అద్దం మీద గోటితో కొట్టింది. లోపలి జలగలు అటు తిరిగాయి. “ఫాల్క్‌కి నా మీద అనుమానం వచ్చింది. అనుమానం తీరాలంటే ఒక శవం కావాలి. చలపతిగారికి ఇక్కడ నేను ఉండాలి. ఆయన రమణయ్యని ఇచ్చాడు.”

 చలపతి అత్తరు రుమాలు ఎందుకో జీవరాజుకి అప్పుడర్థమైంది. శవం వాసన అప్పటికింకా మొదలుకాలేదు, శవం ఉంటుందని ముందే తెలిసి తెచ్చుకున్నాడు.

“నన్ను కూడా ఇచ్చాడా?”

“మిమ్మల్ని నా ఇష్టానికి వదిలాడు. ఇప్పుడు డెక్ మీద, అందరూ చూస్తుండగా ముంచుతాను. కింద నీళ్ళలో పడ్డాక లోపలి నీళ్ళు తీసేస్తాను. ఊపిరి బిగపట్టద్దు. బిగపడితే నొప్పి ఎక్కువ.”

“ఎందుకీ దయ?”

“దయ ఎవరికి కావాలి? రేపు గెలిచేది ఎవరైనా, రెండు పక్కలా నా మేలు పొందినవాడు ఒకడు బతికుండాలి.”

డెక్ మీద ఎండ పేలిపోతోంది. ఆమె చూపుడువేలు ఎత్తింది. జీవరాజు గొంతులోకి ఎక్కడినుంచో చల్లటి ఉప్పునీరు ఊరింది. ఊపిరితిత్తుల్లో బరువు. చెవుల్లో హోరు. రాఘవయ్య అరటిపండు తింటూ చూడ్డం అతనికి చివరగా కనిపించింది.

*

కళ్ళు తెరిచేసరికి మడ అడవి. పక్కన పీతలబుట్ట. పైన యర్రమ్మ మొహం.

“బతికినావా? పీతలకని వొచ్చినాను. సువార్త బాబువి నువ్వే దొరికినావు.”

జీవరాజు కక్కాడు. నీళ్ళూ, నాచూ. భయంభయంగా వెతుక్కున్నాడు, పీత లేదు. అప్పుడు మొత్తం చెప్పాడు. రహస్యం దాచాల్సిన ఏజెంటు, రహస్యం ఎవరిదో ఆ మనిషికే చెప్పడంలో తప్పు కనిపించలేదు అతనికి.

తన చేయి ఎవరి కడుపులో ఉందో విన్నప్పుడు యర్రమ్మ ఏడవలేదు. పీతలబుట్ట దూరంగా జరిపి, ముక్కు చీదింది.

“తేనెలో ముంచుకుని తిన్నాడా?”

“అవును పిన్నీ.”

“ఛీ,” అంది. చాలాసేపు ఆ ఒక్కమాటే అంది.

ఆమె భర్త అప్పలరాముడు మోటార్ డోంగీ పడవ తీశాడు. ఫాల్క్ మనుషులు మెయిల్ బోట్ దగ్గర కాపలా ఉంటారని, ఒడ్డు వెంబడే, మడల చాటున, దక్షిణానికి వచ్చారు. పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి పోటు పరీక్ష రోజు తెల్లవారిపోయింది. ఊరంతా తోరణాలు. లౌడ్‌స్పీకర్లు.

జీవరాజు అబర్డీన్ బజార్లో ఒక కొట్టు నుంచి చలపతికి ఫోన్ చేశాడు. అతనికి జవాబు దాదాపు తెలుసు. అయినా చెవులారా వినాలనుకున్నాడు.

“బతికొచ్చావా? గుడ్,” అన్నాడు చలపతి. అంతా విన్నాడు. “ఫొటోలున్నాయా?”

“లేవు.”

“పోనీలే. చూడు జీవరాజూ, తొందరపడకు. రాఘవయ్యని నెగ్గనీ. నెగ్గాక ఆయన గుట్టు మన చేతిలో ఉంటుంది. ద్వీపపతి మన జేబులో ఉంటే ఫాల్క్‌తో బేరం మనమే ఆడొచ్చు.”

“డిగ్లీపూర్ జనం సంగతేమిటి సార్?”

“ఎవరు వాళ్ళు? ఇప్పుడు ఓటు కూడా లేదు.”

జీవరాజు ఫోన్ పెట్టేశాడు. చెవి తుడుచుకున్నాడు.

*

జెట్టీ మెట్ల మీద పోటీదారుడు రెండు చేతులూ చాచి నిలబడాలి. చేతులు దించితే ఓడినట్టే. దాహమేస్తే నీళ్ళు పట్టేవాళ్ళు వేరే ఉంటారు. ఆ పని ఖాలీలదే, పక్కనుంచి ఎవరూ దొంగ బలం ఇవ్వకుండా. ఆ మనుషుల్ని పెట్టే మేస్త్రీ మల్లేశు ప్రోతరాపూర్‌లో జీవరాజు పక్కింటివాడు.

“ఒక ఆడమనిషికి యూనిఫాం, కెటిల్ కావాలి భయ్యా. ఎందుకని అడక్కు,” అన్నాడు జీవరాజు.

మల్లేశు యర్రమ్మ చేతులు చూశాడు. అడగలేదు.

ఓడ మీద అందరూ చూసిన మొహం కాబట్టి జీవరాజు కూలీల్లో కలిసిపోయి, తలగుడ్డ కిందికి లాక్కుని నిలబడ్డాడు. షామియానా కింద మంత్ర మండలి సభ్యులు పట్టు కండువాల్లో వరసగా కూర్చున్నారు. చలపతి వాళ్ళ వెనక. శారదాదేవి తెల్లచీరలో, చేతిలో పూలదండతో. దండ ఎవరికో ఇంకా తేల్చుకోలేదు.

ముందు శాంతకుమారి వచ్చింది. నెరిసిన జుట్టు, నూలుచీర, వణికే మోకాళ్ళు. చేతులు చాచింది. మెట్లెక్కుతున్న నీళ్ళు ఆగాయి. జనం ఊపిరి బిగపట్టారు. ముసలామె చాలాసేపు ఆపింది. చివరికి చేతులు వాలిపోయాయి, నీళ్ళు ఆమె పాదాలు కడుగుతూ పైకొచ్చాయి. చప్పట్లు పెద్దగా లేవు. ఇంతకాలం ఆమెనే చూశారు, కొత్త మొహం కావాలి వాళ్ళకి.

రాఘవయ్య మెట్లు దిగాడు. కడుపు ముందుకొచ్చి నిండుచూలాలిలా ఉన్నాడు. చేతులు చాచాడు.

సముద్రం ఆగలేదు. వెనక్కి పోయింది. మెట్టు తర్వాత మెట్టు, నాచు పట్టిన రాళ్ళు, బురద, ఎగిరెగిరి పడుతున్న చేపలు, అన్నీ బయటపడ్డాయి. జనం గోలగోలగా అరిచారు. యర్రమ్మ కెటిల్ పట్టుకుని ఆయన పక్కన నిలబడి ఉంది. తను చేపల్ని పిలిచిన నీళ్ళు ఇంకెవరి మాటో వినడం చూస్తోంది.

శాంతకుమారి ఆపినంతసేపు దాటితే సైరన్ మోగుతుంది. సైరన్ మనిషి గడియారం చేతిలో పట్టుకుని, చెయ్యి మీట మీద పెట్టాడు.

“పానీ,” అన్నాడు రాఘవయ్య. మొహం నిండా చెమట.

యర్రమ్మ కెటిల్ మూతి ఆయన నోట్లో పెట్టి వంచింది.

మొదటి గుటకకే రాఘవయ్య కళ్ళు బైర్లు కమ్మాయి. ఉప్పు. చిక్కటి ఉప్పు, అరగ్లాసు నీళ్ళలో గుప్పెళ్ళకొద్దీ కరిగించిన ఉప్పు. చెయ్యి దించి కెటిల్ తోసేస్తే చాలు. కానీ చెయ్యి దించితే కుర్చీ పోతుంది. సైరన్ మనిషి వైపు చూశాడు. ఇంక క్షణాలే. కెటిల్ మూతి నోట్లో ఉంది. రాఘవయ్య షామియానా కింది ద్వీపపతి కుర్చీ వైపు చూస్తూ మింగాడు. ఇంకో గుటక మింగాడు.

“తాగండి బాబూ,” అంది యర్రమ్మ. “మా ఇంటి నీల్లే.”

ఆయన పొట్ట చొక్కా లోపల కదిలింది. జనానికి కనిపించేంతగా కదిలింది. షామియానా కింద ఎవరో లేచి నిలబడ్డారు. ఒక జలగ ఆయన ముక్కులోంచి తల బయటపెట్టింది.

మీట సగం దిగింది.

రాఘవయ్య వంగి కక్కాడు. ఒకటి కాదు, రెండు కాదు. తేనె, పప్పు, జిగురు, వాటి మధ్య మెలికలు తిరుగుతూ వెలుగుతున్న జలగలు కుప్పలుగా మెట్ల మీద పడ్డాయి. ఆయన చేతులు నేల మీద ఆనాయి. వెనక్కి పోయిన సముద్రం ఒక్క ఊపులో తిరిగొచ్చి ఆయన్ని జెట్టీ గోడకేసి కొట్టింది. సైరన్ మోగలేదు.

అంతవరకు జీవరాజు ఊహించినట్టే జరిగింది. తర్వాత జరిగింది మాత్రం అతను ఊహించలేదు.

“అవి సేతులు! జనం సేతులు!” అని డోంగీలోంచి అప్పలరాముడు అరిచాడు.  షామియానా కింది నుంచి మంత్ర మండలి సభ్యుడొకాయన, తలపాగా ఉన్న పెద్దాయన, మెల్లిగా మెట్లు దిగాడు. అటూ ఇటూ చూశాడు. వంగి ఒక జలగని తీసి, నోట్లో వేసుకున్నాడు.

అది చూసి ఇంకొకాయన పరిగెత్తాడు. ఆ వెనక అందరూ. పట్టు కండువాలు బురదలో ఈడ్చుకుంటూ, మోకాళ్ళ మీద పాకుతూ, రాఘవయ్య కక్కులో వేళ్ళు పెట్టి వెతుక్కుంటూ, ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటూ. ఒకాయన పళ్ళసెట్టు ఊడిపడింది, దాన్ని వదిలేసి జలగని పట్టుకున్నాడు. చలపతి కూడా వంగాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోలేదు ఈసారి.

జీవరాజు యర్రమ్మ దగ్గరికి దూకాడు. “పిన్నీ, నీది తీసుకో! బతికున్నదాన్ని అరచేతిలో పెట్టుకుంటే తిరిగొస్తుందేమో!”

యర్రమ్మ చూసింది. ఆమె కాళ్ళ దగ్గరే ఒకటి, లావుపాటిది, మిగతావాటికంటే ఎక్కువ వెలుగుతూ, ఆమె వైపే పాకుతోంది. ఆమె చెయ్యి ముందుకి వెళ్ళింది. మళ్ళీ ఆగింది. ఆ వేలెడు దూరంలో ముగ్గురు పెద్దమనుషులు దానికోసం ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. వాళ్ళ వెనక ఇంకా వస్తున్నారు. ఇప్పుడు తీసుకున్నా రేపు మళ్ళీ వస్తారు, ఇంకో టీకా పేరు చెప్పి.

ఆమె నడుముకి దోపుకున్న మూట విప్పింది. కెటిల్‌లో వెయ్యగా మిగిలిన రాతి ఉప్పు. పిల్లలకి గంజిలో వేసినట్టు, తొందరేం లేకుండా, మెట్ల మీద అంతటా చల్లింది. తన కాళ్ళ దగ్గరిదాని మీద కూడా.

జలగలు ముడుచుకుపోయి, నురగలు కక్కి, ఒక్కొక్కటే ఆరిపోయాయి.

“అయ్యో! ఎంత పని చేశావే!” అని పళ్ళసెట్టు పెద్దాయన గుండెలు బాదుకున్నాడు.

“నా సెయ్యి నాకు లేకపోతే పోనాది,” అంది యర్రమ్మ. “మీ కడుపుల్లో ఉండకూడదు.”

ఆమె నెమ్మదిగా మెట్లెక్కి, కెటిల్ మల్లేశుకి ఇచ్చేసి, అప్పలరాముడి డోంగీ వైపు నడిచింది. ఇంకా పోటు పూర్తికాని సముద్రం ఆమె పక్కనే మెట్లకి కొట్టుకుంటోంది. ఆమె దానివైపు చూడలేదు. 

శారదాదేవి అప్పటికే పూలదండ శాంతకుమారి మెడలో వేసేసింది.

*

నేవీ లాంచీ ఎమరాల్డ్ క్వీన్‌ని మాయాబందర్ దాటకముందే ఆపింది. తొట్టెలన్నీ ఖాళీ చేయించి, ఫాల్క్‌ని సంకెళ్ళతో దింపారు. శాంతకుమారి డిగ్లీపూర్ వాళ్ళందరికీ ఓటు తిరిగివ్వాలని ఆర్డరు వేసింది. చేయి లేని మనిషికి ఓటు రావడం ద్వీపాల్లో అదే మొదలు. మండలి దానికి అభ్యంతరం చెప్పాల్సింది, కానీ ఆ వారం మండలి సమావేశం కాలేదు.

చలపతి జీవరాజుని ఆఫీసుకి పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

“కంగ్రాచ్యులేషన్స్. మెడల్ ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు, అది చేయి ఉన్నవాళ్ళకే. రిపోర్టులో మెట్ల మీద జరిగింది రాయకు. మండలి గౌరవం ఉంది కదా.”

“రమణయ్యగారి సంగతి రాయాలా సార్?”

చలపతి కిటికీలోంచి బయటికి చూశాడు. “రమణయ్య ప్రమాదవశాత్తు మునిగి చనిపోయాడు.”

“గుట్ట మీద?”

“గుట్ట మీద.”

జీవరాజు రిపోర్టు రాసుకొచ్చానని కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అది రాజీనామా. దాని కార్బన్ కాపీ శాంతకుమారి బల్ల మీదికి ఉదయమే వెళ్ళింది. గుట్ట, కుర్చీ, పీత, అత్తరు రుమాలు, అన్నీ అందులో ఉన్నాయి. చలపతి చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గరే కడుపు పట్టుకుని బాత్‌రూమ్ వైపు పరిగెత్తాడు. ఆ లోపు వరండాలో పోలీసు బూట్ల చప్పుడు వినిపించింది. జీవరాజు వాళ్ళకి బాత్‌రూమ్ తలుపు చూపించి మెట్లు దిగాడు.

బజార్లో టీకొట్టు దగ్గర రేడియో వార్తలు చెబుతోంది. మంత్ర మండలి సభ్యుల్లో చాలామంది తీవ్రమైన కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరారట. విందులో వడ్డించిన రొయ్యలు పాడైపోవడమే కారణమని వైద్యులు భావిస్తున్నారట.

“పాపం రొయ్యలు,” అన్నాడు జీవరాజు, టీ ఊదుకుంటూ.